పైన ఉన్నవాడిదే పూచీ: గుల్మార్గ్ వెళ్లే కొత్త స్నోబోర్డర్లకు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: విజయవాడ నుంచి ఇద్దరు, గుంటూరు నుంచి ఇద్దరు, జనవరి ఆఖరి వారంలో ఐదు రోజులు కశ్మీర్‌లోని గుల్మార్గ్. మంచు మీద ఎవరికీ అనుభవం లేదు. కాలికొక పలకతో జారే స్కీయింగ్ కాదు, రెండు కాళ్లూ ఒకే పలకకి బిగించుకునే స్నోబోర్డే నేర్చుకోవాలి. వాలు మీద పాటించాల్సిన మర్యాదలేమిటి, దెబ్బలు తగలకుండా ఏం చేయాలి, బోర్డు మీద చూడముచ్చటగా ఎలా నిలబడాలి అని అడిగారు. మూడు ప్రశ్నలకీ మూలం ఒక్కటే: అనుకున్న చోట బోర్డును ఆపగలగడం. అది వచ్చిన మనిషి ఎవరినీ గుద్దడు, పెద్దగా దెబ్బలు తినడు, నిలబడిన తీరు కూడా దానంతట అదే కుదురుతుంది.

ముందు మర్యాద సంగతి. బెంజ్ సర్కిల్ దగ్గర మనకు అలవాటైన పద్ధతి ఏమిటంటే, వెనకవాడు హారన్ కొడతాడు, ముందువాడు పక్కకి తప్పుకుంటాడు. మంచు వాలు మీద దీనికి సరిగ్గా ఉల్టా. కింద, అంటే మీ ముందు, ఉన్నవాడికే హక్కు. పైనుంచి వచ్చేవాడిదే పూర్తి పూచీ. కిందివాడు ఉన్నట్టుండి తిరిగినా, ఆగినా, పడిపోయినా, పైవాడు అతన్ని తప్పించుకోగలిగే వేగంలోనే ఉండాలి. "అడ్డం వచ్చాడండీ" అనే మాట అక్కడ చెల్లదు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1967లో పెట్టిన పది నియమాలకు ఇదే వెన్నెముక. స్కీయర్లకూ స్నోబోర్డర్లకూ అవే నియమాలు.

ఎవరినైనా దాటాలంటే, వాళ్లు ఒక పెద్ద మలుపు తిరిగినా తగలనంత ఎడం వదలండి. మీరు కొత్తవాళ్లు కాబట్టి నాలుగైదు మీటర్లకి తగ్గకూడదు. ఇరుకు దారిలో దాటక తప్పకపోతే, వాళ్లకి ఏ పక్కనుంచి వెళ్తున్నారో ముందే చెప్పండి. గుల్మార్గ్‌లో హిందీలో "లెఫ్ట్ సే" అంటే చాలు. ఆ లెఫ్ట్ ముందున్న మనిషి ఎడమ, మీ చేతి లెక్క కాదు. మరీ దగ్గరికొచ్చి గట్టిగా అరవకండి. కొత్తవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి చూస్తారు, చూసిన వైపే బోర్డు తిరుగుతుంది, సరిగ్గా మీ దారిలోకే వస్తారు.

స్నోబోర్డర్ల విషయంలో ఇంకో చిక్కుంది, దాన్ని స్కీయర్లు కూడా తరచూ మర్చిపోతారు. స్కీ వేసుకున్న మనిషి ఎదురుగా చూస్తూ దిగుతాడు, అతనికి రెండు వైపులా కనిపిస్తుంది. మనం పక్కకి తిరిగి నిలబడతాం కాబట్టి మన వీపు ఒక పక్కని పూర్తిగా మూసేస్తుంది. ఎడమ కాలు ముందు పెట్టేవాళ్లని రెగ్యులర్ అంటారు, వాళ్ల వీపు ఎడమ పక్కకి ఉంటుంది. మడమల మీద బరువేసి తిరిగితే వాళ్లు వెళ్లేది కూడా ఎడమకే, అంటే కనిపించని వైపుకే. కుడి కాలు ముందు పెట్టే గూఫీ వాళ్లకి ఇదంతా కుడి పక్కన జరుగుతుంది. అందుకని మడమల మలుపు మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ముందు భుజం మీదుగా పైకి ఒక చూపు చూడాలి. బైకు మీద లేను మారేటప్పుడు అద్దంలో చూసినట్టే, ఇక్కడ అద్దం మీ మెడ. ఈ అలవాటు మొదటి రోజే పడాలి, తర్వాత పట్టుకోవడం కష్టం.

ఆగడానికీ పద్ధతుంది. వాలు మధ్యలో చతికిలబడటం స్నోబోర్డర్లకి ఎక్కడికెళ్లినా చెడ్డపేరు తెచ్చిన అలవాటు. ఎప్పుడూ అంచుకి వెళ్లి, పైనుంచి వచ్చేవాళ్లకి దూరం నుంచే కనిపించే చోట ఆగండి. గుట్టలా ఉబ్బిన చోటు దిగువన అస్సలు వద్దు, పైవాడికి మీరు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. మీ నలుగురూ ఒకచోట చేరేటప్పుడు, తర్వాత వచ్చేవాడు గుంపుకి దిగువన ఆగాలి. పైన ఆగబోయి జారితే ముగ్గురినీ తీసుకుని కిందికి పోతాడు. మళ్లీ కదిలేముందు పైకి చూడాలి. నడిచి ఎక్కాల్సి వస్తే అంచు వెంబడే నడవాలి, మధ్యలో నడిస్తే బూటు గుంటలు పడి వెనకొచ్చేవాళ్ల బోర్డులు తట్టుకుంటాయి.

గుల్మార్గ్ దిగువ మైదానంలో స్కీ, స్నోబోర్డు వాళ్లకంటే చూడ్డానికొచ్చిన జనం, స్లెడ్జి బండ్లు లాగేవాళ్లే ఎక్కువ. వాళ్లకి ఈ నియమాలు తెలియవు, ఎటైనా నడుస్తారు. కిందికొచ్చే కొద్దీ వేగం సగానికి సగం తగ్గించండి. జనం పల్చగా ఉండే పొద్దుటి వేళ మొదలుపెట్టడం నేర్చుకునేవాళ్లకి మంచిది.

బోర్డుని కింద పెట్టే తీరు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ప్రమాదం పెద్దది. స్కీకి బూటు దాన్నుంచి ఊడిరాగానే మంచులో గుచ్చుకునే బ్రేకు ఉంటుంది. స్నోబోర్డుకి ఉండదు. కాళ్ల నుంచి తీసి మామూలుగా పెడితే, ఉక్కు అంచులున్న నాలుగు కిలోల పలక కిందికి బాణంలా పోతుంది, కింద పిల్లలుంటారు. ఎప్పుడూ తిరగేసి, బైండింగులు (బూట్లని బోర్డుకి బిగించే పట్టీల అమరిక) మంచులో కూరుకునేట్టు, వాలుకి అడ్డంగా పెట్టండి. చేత్తో పట్టుకుని నడిచేటప్పుడు కూడా బైండింగ్ పట్టీలోంచి చెయ్యి దూర్చి పట్టుకోండి.

ఇప్పుడు అసలు పని. నేర్పేవాళ్లు "ఫాల్ లైన్" అంటుంటారు. మీరు నిలబడిన చోట ఒక బిందె నీళ్లు ఒంపితే ఏ దారిన పారతాయో అదే ఫాల్ లైను. బోర్డు ముక్కు ఆ నీటి దారి వెంబడి ఉంటే వేగం పెరుగుతుంది, బోర్డు దానికి అడ్డంగా ఉండి పైఅంచు మంచులో దిగితే ఆగుతుంది. స్నోబోర్డింగ్ అంతా ఈ రెంటి మధ్యే.

బోర్డుకి రెండు వైపులా ఉక్కు అంచులుంటాయి, మడమల వైపు ఒకటి, వేళ్ల వైపు ఒకటి. ఎప్పుడూ పైఅంచు మీదే, అంటే కొండ వైపు అంచు మీదే బరువుండాలి. కొత్తవాళ్లు పడే దెబ్బల్లో ఘోరమైనవి ఈ ఒక్క సూత్రం తప్పినప్పుడే తగులుతాయి. జరిగేది ఇలా ఉంటుంది. మనిషి కొండకి ఎదురుగా, వేళ్ల మీద నిలబడి మెల్లగా పక్కకి జారుతుంటాడు. పిక్కలు అలసిపోతాయి. మడమలు ఒక అంగుళం కిందికి వాలతాయి. బోర్డు చదునైపోతుంది, ఒక్క క్షణం హాయిగా అనిపిస్తుంది. ఆ క్షణంలోనే దిగువ అంచు మంచులో దిగుతుంది. బోర్డు అక్కడే ఆగిపోతుంది, ఒళ్లు ఆగదు, తలుపు మడతబందు మీద తిరిగినట్టు మనిషి వెనక్కి తిరగబడి వీపూ తలా నేలకి కొట్టుకుంటాయి. ఇదంతా నడక వేగంలో జరుగుతుంది. పడే ముందు చెయ్యి ఆనించే వ్యవధి కూడా ఉండదు. అందుకే వేగం తక్కువ కదా, హెల్మెట్ ఎందుకు అనుకోవద్దు. హెల్మెట్ అసలు అవసరం మొదటి రోజే.

పడటం ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్లండి. పరుపు మీద చాలు. ముందుకి పడేటప్పుడు పిడికిళ్లు బిగించి, మోచేతి నుంచి మణికట్టు దాకా ముంజేతులు రెండూ ఒకేసారి నేలకి ఆనించాలి, మోకాళ్లు ముందు తగలాలి. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు కిందికి దిగి, పిరుదుల మీంచి వీపు మీదికి దొర్లిపోవాలి. చేతులు వెనక్కి చాపకూడదు. అరచెయ్యి చాపి పడటం మనిషి సహజ గుణం, కొత్త స్నోబోర్డర్లలో మణికట్టు విరగడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది అందువల్లే. రోజుకి ఇరవై సార్లు రెండు వారాలపాటు దొర్లితే ఒళ్లు ఆలోచించకుండానే ఆ పని చేస్తుంది. రిస్ట్ గార్డులు కూడా తీసుకెళ్లండి, రోలర్ స్కేటింగ్ వాళ్లు వాడేవైనా పనికొస్తాయి. అవి లోపల పట్టేట్టు గ్లవుజులు ఒక సైజు పెద్దవి కొనండి. పిరుదుల ఎముకకి రక్షణగా ప్యాడ్లున్న షార్ట్స్ దొరికితే మొదటి మూడు రోజులూ వాటి విలువ తెలుస్తుంది.

మీలో ఎవరు రెగ్యులర్, ఎవరు గూఫీ అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. నున్నటి టైల్సు గచ్చు మీద సాక్సులతో పరుగెత్తి జారండి, ఏ కాలు ముందుకొస్తే అదే. ఒళ్లు సిద్ధం చేసుకోవడానికి నెల రోజులు మెట్లెక్కితే బాగుంటుంది, విజయవాడ వాళ్లకి ఇంద్రకీలాద్రి మెట్లున్నాయి, గుంటూరు వాళ్లకి కోటప్పకొండ ఉంది. ఎక్కడంకన్నా దిగడమే ఎక్కువ మేలు చేస్తుంది, తొడల ముందు కండరం బరువు మోస్తూ సాగేది దిగేటప్పుడే. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు పైకీ కిందికీ ఆడించడం, గోడకి వీపానించి గోడకుర్చీ వేయడం, ఈ రెండూ పిక్కలకీ తొడలకీ.

అద్దె సామాను దగ్గర తొందరపడొద్దు, అరగంట పెట్టండి. బూటే ముఖ్యం. ఒకే జత పల్చటి ఊలు సాక్సులతో వేసి, లేసులు బిగించి, నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకి తాకీ తాకనట్టుండాలి, మోకాళ్లు వంచితే వేళ్లు వెనక్కి జరగాలి. మడమ పైకి లేవకూడదు. లేస్తే వేళ్ల వైపు అంచు మీద అదుపు రాదు, ఎంత నేర్పినా రాదు. చలని రెండు జతల సాక్సులు వేస్తే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. బోర్డు పొడవు గడ్డానికీ ముక్కుకీ మధ్య ఉండాలంటారు గానీ ఎత్తు కంటే బరువే లెక్క. డెబ్భై కిలోల మనిషికి 152 నుంచి 156 సెంటీమీటర్ల మెత్తటి బోర్డు నేర్చుకోవడానికి సరిపోతుంది. పాదాలు పెద్దవైతే వెడల్పు బోర్డు అడగండి, బూటు కొసలు బయటికొస్తే మలుపులో మంచుకి తగిలి పడేస్తాయి. అంచులు తుప్పు పట్టాయేమో వేలితో చూడండి. ఒక్కో బైండింగు నడుమ ఉండే గుండ్రటి డిస్కులో స్క్రూలన్నీ ఉన్నాయా, బిగువుగా ఉన్నాయా చూసి, పట్టీల పళ్లు లాగితే జారకుండా పడుతున్నాయో లేదో పరీక్షించండి. రెండు బైండింగుల మధ్య దూరం భుజాల కంటే కాస్త ఎక్కువ. కోణాలు ముందు పాదానికి 15 డిగ్రీలు ముందుకి, వెనక పాదానికి 6 నుంచి 9 డిగ్రీలు వెనక్కి పెట్టమని చెప్పండి. స్క్రూడ్రైవర్ అద్దె దుకాణంలో ఉంటుంది, అడగడానికి మొహమాటపడొద్దు.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. ఒంటికి తగిలేది థర్మల్, మీద ఫ్లీసు, పైన నీళ్లు దిగని జాకెట్టూ ప్యాంటూ. నూలు బట్టలు, జీన్సు వద్దు, తడిస్తే ఆరవు. దారిలో టంగ్‌మార్గ్‌లో అద్దెకిచ్చే పొడుగు కోట్లు, రబ్బరు బూట్లు ఫొటోలకి పనికొస్తాయి, బోర్డుకి కాదు. గాగుల్స్ తప్పనిసరి. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, కిందనుంచీ ఎండ తగులుతుంది. సన్‌స్క్రీన్ గడ్డం కిందా, ముక్కు రంధ్రాల అంచులకీ రాయాలి.

మొదటి రోజు వరస ఇది. ముందు ఒక్క కాలే, ముందు కాలు, కట్టుకుని చదును నేల మీద వెనక కాలితో నెట్టుకుంటూ తిరగండి. విసుగ్గా ఉంటుంది, గంటసేపు చేయండి, వాలు పైకి చేర్చే లిఫ్టు దగ్గర పనికొచ్చేది ఇదే. తర్వాత చిన్న వాలు మీద రెండు కాళ్లూ కట్టుకోవాలి: వాలుకి అడ్డంగా బోర్డు పెట్టి, కొండకి వీపు చేసి కూర్చుని, బైండింగులో మంచు వేళ్లతో గీకేసి, ముందు కాలు, తర్వాత వెనక కాలు, ప్రతి కాలికీ ముందు చీలమండ పట్టీ, ఆపైన వేళ్ల పట్టీ. మంచు గీకకపోతే మడమ వెనక ఆనుడికి చేరదు, పట్టీ వదులుగానే ఉంటుంది. లేచి, మడమ అంచు మీద అడ్డంగా జారడం మొదలుపెట్టండి. కాలివేళ్లు పైకెత్తితే ఆగుతుంది, కాస్త దించితే జారుతుంది. కాస్తే సుమా. నీళ్ల పంపు తిప్పినట్టు మిల్లీమీటర్ల లెక్కన దించాలి.

అది అదుపులోకి వచ్చాక బరువు ఒకసారి ఎడమ కాలి మీదికి, ఒకసారి కుడి కాలి మీదికి మారుస్తూ రాలే ఆకు ఊగినట్టు అటూ ఇటూ దిగండి. అదే పని వేళ్ల అంచు మీద, కొండకి ఎదురుగా. ఈ రెండు అంచుల మీదా వాలు మొత్తం పడకుండా దిగగలిగిన తర్వాతే మలుపు. చాలామంది మొదటి మధ్యాహ్నమే మలుపులకి ఎగబడి, వేళ్ల అంచు నేర్చుకోకుండా వదిలేస్తారు. ఆ లోటు వాళ్లని ఏళ్ల తరబడి వెంటాడుతుంది, ఒకే అంచు మీద ఈడ్చుకుంటూ దిగుతుంటారు. వాళ్లు దిగిన దారిలో మెత్తటి మంచంతా చెక్కుకుపోయి వెనకవాళ్లకి గట్టినేల మిగులుతుంది.

మలుపులో తిరగాల్సింది చూపు ముందు, తర్వాత ముందు భుజం, తర్వాత మోకాళ్లు, ఆఖర్న బోర్డు. చేతులూ నడుమూ విసిరి బోర్డుని తిప్పకూడదు. స్టైల్ అని మీరు అడిగింది ఇక్కడే ఉంది: మోకాళ్లు వంగి, వెన్ను నిటారుగా, చేతులు బోర్డు రెండు కొసల మీద ప్రశాంతంగా, చూపు పది పదిహేను మీటర్ల ముందు. నడుము దగ్గర వంగి పిరుదులు బయటికి పెట్టడం భయానికి గుర్తు, అలా వంగితే బరువు వెనక కాలి మీదికి పోయి ముక్కు తేలిపోతుంది, బోర్డు మాట వినదు. భయం వేసిన ప్రతిసారీ ముందు కాలి మీద బరువు పెంచాలి. మనసు దీనికి ఒప్పుకోదు, ఒప్పించాలి.

డ్రాగ్ లిఫ్టులో, అంటే నిలబడి ఉండగానే మనల్ని వాలు మీదికి లాక్కెళ్లే తాడు లిఫ్టులో, వెనక కాలు విప్పాలి. గుండ్రటి బిళ్లని ముందు తొడ వెనక పెట్టుకుని లాగించుకోవాలి, దాని మీద కూర్చోకూడదు, కూర్చున్నవాళ్లందరూ పడతారు. పడితే వెంటనే వదిలేసి దారిలోంచి పక్కకి దొర్లండి. ఒక కాలు మాత్రమే కట్టుకుని వేగంగా దిగడం వద్దు. రెండు కాళ్లూ ఒకే పలకకి బిగిసి ఉన్నంతసేపు మోకాళ్లు విడివిడిగా మెలిపడవు, ఒక్కటే బిగిసి ఉంటే ఆ పలక మొత్తం ఆ ఒక్క మోకాలినే తిప్పేస్తుంది. బైండింగులు స్కీల్లాగా పడగానే ఊడిరావు.

గొండోలా, అంటే కొండ మీదికి తీసుకెళ్లే కేబుల్ కారు గురించి ఖచ్చితంగా చెప్పాలి. మొదటి దశ గుల్మార్గ్ నుంచి కొంగ్‌డోరి దాకా, రెండో దశ అక్కణ్ణుంచి అఫర్వాట్ మీదికి, దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు. రెండో దశ పైన యంత్రాలతో చదును చేసిన వాలు కాదు, అది కొండ. ముప్ఫై నుంచి నలభై ఐదు డిగ్రీల వాలు మీద కొత్త మంచు పడినా, గాలికి పేరుకున్నా పలకలా విరిగి జారుతుంది. అక్కడ 2023 ఫిబ్రవరిలో మంచు చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ దేశస్థులు చనిపోయారు. 2024 ఫిబ్రవరిలో ఖిలన్‌మార్గ్ దగ్గర ఒక రష్యన్ స్కీయర్ పోయాడు. అక్కడికి బోర్డుతో వెళ్లేవాళ్ల దగ్గర ట్రాన్సీవర్ (మంచు కింద ఉన్న మనిషి జాడ పట్టే రేడియో పరికరం), పార, మంచులో గుచ్చి వెతికే పొడవాటి ప్రోబు కర్ర, వాటిని వాడే సాధన, స్థానిక గైడు ఉండాలి. మంచు కింద కూరుకున్న మనిషిని పది పదిహేను నిమిషాల్లో తీయగలిగితేనే ఎక్కువ ఆశ ఉంటుంది, కాబట్టి తీసేది పక్కనున్న స్నేహితులే, కింది నుంచి వచ్చే బృందం కాదు. ఐదు రోజుల అనుభవంతో మీరు అక్కడ దిగడం తగదు. చూడాలనిపిస్తే బోర్డు కింద వదిలి టికెట్టు మీద వెళ్లి, గొండోలాలోనే దిగిరండి. ఆ ఎత్తులో తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే ఆగకుండా దిగాలి.

తాడు కట్టి మూసిన దారి మూసినట్టే లెక్క, అవతల బోర్డు గీతలు కనిపించినా సరే. దేవదారు చెట్ల మొదళ్ల దగ్గరికీ పోవద్దు. కొమ్మల కింద మంచు గట్టిపడదు, గొయ్యిలా వదులుగా ఉంటుంది, తలకిందులుగా పడితే బోర్డు బిగిసిన కాళ్లతో సొంతంగా బయటికి రావడం దాదాపు అసాధ్యం. ఎప్పుడూ ఇద్దరేసి, ఒకరికొకరు కనిపించే దూరంలో ఉండండి.

గుద్దుకోవడం జరిగితే తప్పెవరిదైనా ఆగి సాయం చేయాలి, పేరూ ఫోనూ ఇచ్చిపుచ్చుకోవాలి. అది పది నియమాల్లో ఆఖరి రెండూ. పడ్డ మనిషికి ఎగువన పది పదిహేను మీటర్ల దూరంలో ఒక బోర్డుని మంచులో నిలువుగా గుచ్చితే పైవాళ్లకి గుర్తు. తలకో మెడకో తగిలిందనిపిస్తే కదపొద్దు, హెల్మెట్ తీయొద్దు, జాకెట్టు కప్పి స్కీ పట్రోల్‌ని, అంటే వాలు మీది సహాయ బృందాన్ని పిలవండి. వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు, నలుగురిలో కనీసం ఇద్దరి దగ్గర పోస్ట్‌పెయిడ్ ఉండాలి. తల తగిలి కాసేపు మగతగా ఉన్నా, వాంతి అయినా, జరిగింది గుర్తు రాకపోయినా, ఆ మనిషికి ఆ రోజే కాదు, డాక్టరు చూసేదాకా బోర్డు లేదు.

చివరగా చీలమండ. స్నోబోర్డు మెత్తటి బూట్లలో, బయటి వైపు బొడిపె కింద ఉండే టాలస్ ఎముక కొస విరగడం ఈ ఆటకే ప్రత్యేకమైన దెబ్బ. మామూలు ఎక్స్‌రేలో తరచూ కనపడదు, బెణుకేనని కట్టు కట్టి పంపేస్తారు. ఇంటికొచ్చాక వారం దాటినా అక్కడ నొక్కితే నొప్పి తగ్గకపోతే, ఎముకల డాక్టరుకి స్నోబోర్డు మీద పడ్డామని విడమరిచి చెప్పి, సీటీ స్కాన్ అవసరమా అని అడగండి.